ఏమైందని అడిగి ఊరుకోలేదాయన!

"చేతికి ఏమైందమ్మా?"

ఈ ప్రశ్న అడగడానికి మనవాళ్లకు పరిచయం అక్కర్లేదు. బస్సులో పక్క సీటావిడ అడుగుతుంది. పెళ్లి భోజనాల బంతిలో ఎదురుగా కూర్చున్న పెద్దాయన అడుగుతాడు. రేషన్ షాపు క్యూలోనూ అడుగుతారు. పుట్టుకతోనే అని జవాబు రాగానే "అయ్యో పాపం, ఆడపిల్ల కూడానూ!" అని ఒక నిట్టూర్పు. అక్కడితో వాళ్ల పని అయిపోతుంది. ఆ పిల్ల మాత్రం చున్నీ అంచు ఇంకాస్త కిందికి లాక్కుని, ఆ చేతిని అందులో దాచుకుంటుంది.

పంజాబ్‌లోని జలంధర్‌లో చదువుకున్న పలక్ కోహ్లీకి కూడా ఈ ప్రశ్న అలవాటే. పుట్టుకతోనే ఆ అమ్మాయి ఎడమచేయి సరిగా ఎదగలేదు. 'పుట్టుకతోనే' అన్న జవాబు నోటికి కంఠతా వచ్చేసింది. స్కూల్లో హ్యాండ్‌బాల్ ఆడతానంటే, నీకెందుకమ్మా ఆటలు, బుద్ధిగా చదువుకో అన్నారట. ఒకరోజు బజార్లో ఎవరో ముక్కూమొహం తెలియని ఆయన అదే ప్రశ్న వేశాడు. అదే జవాబు వచ్చింది. కానీ ఆయన నిట్టూర్చలేదు. పారా బ్యాడ్మింటన్ ఆడతావా అని అడిగాడు. అలాంటి ఆట ఒకటుందని ఆ పిల్ల అప్పటిదాకా విననే లేదు.

అడిగినాయన పేరు గౌరవ్ ఖన్నా. వికలాంగుల బ్యాడ్మింటన్‌లో భారత జట్టు కోచ్. 2020లో ద్రోణాచార్య అవార్డు, 2024లో పద్మశ్రీ అందుకున్నారు. టోక్యో, పారిస్ పారాలింపిక్స్‌లకు జట్టును వెంటబెట్టుకుని వెళ్లింది ఆయనే. ఆయన సాధించిన పతకాల లెక్కలు ఆటల పేజీల్లో చాలాసార్లే వచ్చాయి. మన పేజీలో ఆయన గురించి చెప్పుకోవడానికి కారణం వేరు. ఇంట్లోనుంచి బయటికి రాని ఆడపిల్లను వెతికి పట్టుకోవడం కూడా కోచ్ పనేనని ఆయన అనుకున్నారు. అసలు కష్టమంతా అక్కడే ఉంది.

ఖన్నా లక్నో మనిషి. మొదట ఆయనా ఆటగాడే. గాయం వల్ల ఆ దారి మూసుకుపోయింది. ఆ తర్వాత వినికిడి లేని పిల్లలకు బ్యాడ్మింటన్ నేర్పడం మొదలుపెట్టారు. నేర్పాలంటే ముందు వాళ్లతో మాట్లాడాలి కదా! అందుకని సైగల భాష నేర్చుకున్నారు. ఒక్కసారి ఊహించి చూడండి. మామూలుగా కోచ్ అంటే కోర్టు పక్కన నిలబడి గొంతు చించుకుని అరిచే మనిషి. "వెనక్కి... వెనక్కి... వదిలెయ్!" ఇక్కడ ఆ అరుపు పనికిరాదు. పోనీ సైగ చేద్దామంటే, ఆడే పిల్ల కళ్లు షటిల్ మీద ఉంటాయి. కోచ్ వైపు తిరిగితే పాయింటు పోతుంది. అంటే చెప్పాల్సిందంతా ఆటకు ముందే చెప్పి, ఆట మొదలయ్యాక నోరూ చేతులూ కట్టేసుకుని కూర్చోవాలి. పిల్లల్ని పరీక్ష హాల్లోకి పంపి గేటు బయట నిలబడే తల్లులకు ఆ అవస్థ ఏమిటో వేరే చెప్పాలా!

ఆ తర్వాత పారా బ్యాడ్మింటన్‌లోకి వచ్చారు. ఇక్కడ ఇంకో చిక్కు. మామూలు ఆటలో ఒకరికి చెప్పిన పాఠం పదిమందికీ పనికొస్తుంది. ఇక్కడ అలా కాదు. ఒకరు కృత్రిమ కాలితో ఆడతారు. ఒకరికి పోలియో. ఒకరికి ఒక చెయ్యి లేదు. సర్వీసు చేసేటప్పుడు షటిల్ ఏ చేత్తో పట్టుకోవాలి అన్న చిన్న ప్రశ్నకు కూడా ఒక్కొక్కరికి ఒక్కో జవాబు వెతకాలి. మనకు తెలియకపోయినా, పరుగెత్తేటప్పుడు రెండో చెయ్యే శరీరాన్ని తూకంలో ఉంచుతుంది. అది లేనప్పుడు నడుముతో ఆ పని ఎలా చేయించాలి? ఏ పుస్తకం చూసి నేర్పగలరు? ఆడే పిల్ల దగ్గర కూర్చుని తెలుసుకోవాల్సిందే. మీద నిలబడి ఆర్డర్లు వేసే గురువులకు ఈ పని కుదరదు.

ఆట గురించి కొంచెం చెప్పుకుందాం, ఎందుకంటే ఇందులోనే ఆడవాళ్లకు జరిగిన అన్యాయం కూడా ఉంది. మన ఊళ్లలో షటిల్ అంటామే, ఆ ఆటే ఇది. నెట్టూ అదే, షటిలూ అదే. వైకల్యాన్ని బట్టి ఆరు తరగతులు చేశారు. చక్రాల కుర్చీలో ఆడేవారికి డబ్ల్యూహెచ్ 1, డబ్ల్యూహెచ్ 2. కాళ్లలో లోపం ఉన్నవారికి ఎస్ఎల్ 3, ఎస్ఎల్ 4. చేతిలో లోపం ఉంటే ఎస్‌యూ 5. ఎత్తు బాగా తక్కువున్నవారికి ఎస్‌హెచ్ 6. కాళ్ల లోపం ఎక్కువగా ఉండే ఎస్ఎల్ 3 వాళ్లూ, చక్రాల కుర్చీ వాళ్లూ సింగిల్స్‌లో సగం కోర్టులోనే ఆడతారు. సగమే కదా, తేలికేమో అనుకునేరు! పక్కలకు కొట్టి పాయింటు లాగేసే వీలు ఉండదు. ముందుకూ వెనక్కూ ఓపిగ్గా కొడుతూ ఉండాలి. ఒక్కో పాయింటు ఎంతసేపటికీ తెగదు.

ప్రపంచంలో ఈ ఆటకు 1998 నుంచీ ఛాంపియన్‌షిప్‌లు జరుగుతున్నాయి. పారాలింపిక్స్‌లో మాత్రం మొదటిసారి చేర్చింది టోక్యోలో. 2020లో జరగాల్సిన ఆ పోటీలు కరోనా వల్ల 2021లో జరిగాయి. మనవాళ్లు ఏడుగురు వెళ్లి నాలుగు పతకాలు తెచ్చారు. ప్రమోద్ భగత్, కృష్ణ నాగర్‌లకు స్వర్ణాలు, కలెక్టరుగా పనిచేస్తూనే ఆడిన సుహాస్ యతిరాజ్‌కు రజతం, మనోజ్ సర్కార్‌కు కాంస్యం. దేశమంతా సంబరం చేసుకుంది. ఖన్నా పేరు అప్పుడే చాలామందికి తెలిసింది.

ఆ ఏడుగురిలో ఆడవాళ్లు ఇద్దరే. పతకాల్లో ఒక్కటీ లేదు.

మన ఆడపిల్లలకు చేతకాకనా? టోక్యోలో బ్యాడ్మింటన్ పోటీలు మొత్తం 14. మగవాళ్లకు సింగిల్స్ ఆరు తరగతుల్లోనూ పెట్టారు. ఆడవాళ్లకు నాలుగింట్లోనే. లేని రెండూ ఏవనుకున్నారు? ఎస్ఎల్ 3, ఎస్‌హెచ్ 6. 2019లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఎస్ఎల్ 3 ఫైనల్ ఇద్దరు భారతీయ స్త్రీల మధ్యే జరిగింది. మానసీ జోషి గెలిచింది, పారుల్ పర్మార్ రెండో స్థానంలో నిలిచింది. ప్రపంచంలో మొదటి ఇద్దరూ మనవాళ్లే అయిన తరగతికి టోక్యోలో సింగిల్స్ పోటీయే లేదన్నమాట! పారుల్ తనకన్నా కాళ్లు బాగున్నవాళ్ల తరగతిలో, పూర్తి కోర్టులో సింగిల్స్ ఆడాల్సి వచ్చింది. అప్పుడామెకు 48 ఏళ్లు. డబుల్స్‌లో ఆమె జోడీ ఎవరో తెలుసా? 19 ఏళ్ల పలక్. తల్లీకూతుళ్ల వయసు. పతకం రాలేదు. పలక్, ప్రమోద్ భగత్ కలిసి మిక్స్‌డ్ డబుల్స్‌లో కాంస్యం కోసం జపాన్ జోడీతో ఆడి కొద్దిలో ఓడిపోయారు.

పోటీల్లో ఆడవాళ్లకు చోటెందుకు తక్కువంటే, ఆడేవాళ్లు తక్కువ అంటారు. ఆడేవాళ్లెందుకు తక్కువంటే, పోటీలు లేవు కనుక. బావికి చేద లేదనీ, చేదకు తాడు లేదనీ చెప్పుకుంటూ కూర్చుంటే నీళ్లెవరు తోడతారు? ఏదో ఒక చివర ఎవరో ఒకరు పట్టుకుని లాగాలి. జలంధర్ బజార్లో ఖన్నా చేసిన పని అదే.

పారుల్ పర్మార్ గుజరాత్‌లోని గాంధీనగర్ అమ్మాయి. మూడేళ్లప్పుడు పోలియో వచ్చింది. వ్యాయామం చేయించమని డాక్టరు చెబితే, తండ్రి తనతోపాటు బ్యాడ్మింటన్ కోర్టుకు తీసుకెళ్లేవాడు. ఆయనా ఆటగాడే. 2009లోనే పారుల్ అర్జున అవార్డు తీసుకుంది. అప్పటికి ఈ ఆటకు పారాలింపిక్స్‌లో చోటు లేదు, వస్తుందన్న నమ్మకమూ లేదు. పతకం కోసం కాకుండా కాలి కోసం మొదలైన ఆట అది. ఇళ్లలో పెద్దలు ఇలాంటిదొకటి చేయగలరు కదా అనిపిస్తుంది ఆమె సంగతి చదివితే.

మానసి ముంబాయి ఇంజనీరు. 2011 డిసెంబరులో ఆఫీసుకు బండి మీద వెళ్తుంటే లారీ గుద్దింది. ఎడమకాలు తీసేయాల్సి వచ్చింది. తర్వాత ఆమె మన హైదరాబాద్ వచ్చింది, పుల్లెల గోపీచంద్ అకాడమీలో శిక్షణకు. బాసెల్‌లో ఆమె స్వర్ణం గెలిచిన రోజుల్లోనే, అదే ఊళ్లో మన పి.వి.సింధు కూడా ప్రపంచ ఛాంపియన్ అయింది. ఇద్దరూ ఒకే అకాడమీ గడప తొక్కినవాళ్లు. సింధు పేరు దేశమంతా మోగింది, మోగాల్సిందే. ఆ మోతలో మానసి పేరు చాలామంది చెవిన పడలేదు. 2020లో అమెరికాలో ఆమె పోలికతో బార్బీ బొమ్మ చేశారు. కృత్రిమ కాలున్న బొమ్మ! బొమ్మల కొలువులో అలాంటి బొమ్మ కూర్చుంటే చిన్నపిల్లలు ఎన్ని ప్రశ్నలు వేస్తారో, వాటికి తల్లులు ఏం జవాబు చెబుతారో వినాలని ఉంది.

ఖన్నా దగ్గరకు మళ్లీ వద్దాం. జట్టుతో వెళ్లడమంటే విమానం ఎక్కించి దించడం కాదు. 2021 నవంబరులో ఉగాండా రాజధాని కంపాలాలో పోటీలకు వెళ్తే, జట్టు దిగిన హోటలుకు దగ్గర్లోనే బాంబులు పేలాయి. పరుగెత్తలేనివాళ్లూ, ఎక్కువసేపు నిలబడలేనివాళ్లూ ఉన్న జట్టు అది. ఇళ్ల దగ్గర తల్లిదండ్రుల పరిస్థితి ఎలా ఉండి ఉంటుంది? ఎవరికీ ఏమీ కాలేదు. ఆడి, 47 పతకాలతో తిరిగొచ్చారు.

లక్నోలో ఆయన నడిపే అకాడమీ పారా ఆటగాళ్ల కోసమే పెట్టింది. అక్కడికి చేరిన పిల్లల్లో పలక్ ఒకతె. జలంధర్ ఎక్కడ, లక్నో ఎక్కడ! ఆ అమ్మాయి అమ్మానాన్నల స్థానంలో మనం ఉంటే పంపేవాళ్లమా? నిజం చెప్పుకుందాం. కాలూ చెయ్యీ బాగున్న కూతుర్ని పక్క ఊరి కాలేజీకి పంపడానికే ఇంటిల్లిపాదీ నెలరోజులు తర్జనభర్జన పడతాం. హాస్టల్లో జడ ఎవరు వేస్తారు, బట్టలు ఎవరు ఉతుకుతారు, రాత్రిపూట ఒళ్లు వెచ్చబడితే ఎవరు చూస్తారు... ఇవేవీ ఉత్త భయాలు కావు. ఆ భయాల్ని పక్కన పెట్టి పంపిన తల్లికి ఏ అవార్డూ ఇవ్వరు. 2022లో పలక్ కాలి ఎముకలో కణితి ఉందని బయటపడింది. అంతా అయిపోయిందనుకున్న చోటు నుంచి మళ్లీ కోర్టులోకి వచ్చి, 2024 పారిస్ పారాలింపిక్స్‌లో క్వార్టర్ ఫైనల్ దాకా ఆడింది.

ఆ పారిస్ లెక్క కూడా చూడండి. ఈసారి పోటీలు 16. ఆడవాళ్లకు ఎస్ఎల్ 3, ఎస్‌హెచ్ 6 సింగిల్స్ కూడా పెట్టారు. మన జట్టులో 13 మంది. అందులో ఆడవాళ్లు ఆరుగురు. వచ్చిన ఐదు పతకాల్లో మూడు ఆడవాళ్లవే! తులసిమతి మురుగేశన్‌కు రజతం, మనీషా రామదాస్‌కు కాంస్యం, నిత్యశ్రీ శివన్‌కు కాంస్యం. ముగ్గురూ తమిళనాడు పిల్లలు. నిత్యశ్రీ గెలిచింది కొత్తగా చేర్చిన ఎస్‌హెచ్ 6 పోటీలోనే. మూడేళ్ల కిందట ఆమె ఎంత బాగా ఆడినా వెళ్లడానికి పోటీయే లేదు. అప్పటికి తులసిమతి పశువైద్యం చదువుతోంది. ఆమెకు మొదటి గురువు తండ్రే. సెమీ ఫైనల్లో తులసిమతికి ఎదురుపడింది మనీషాయే. మనీషా ఓడిపోయింది, తర్వాత కాంస్యం కోసం ఆడి డెన్మార్క్ అమ్మాయిని చిత్తుగా ఓడించింది. ఇవన్నీ ఒక్క ఖన్నా ఖాతాలో వేసేయడం న్యాయం కాదు. ఊళ్లలో మొదటిసారి బ్యాటు పట్టించిన చిన్న కోచ్‌లు, వెంట తిరిగిన తండ్రులు, తెల్లవారుజామున లేచి క్యారేజీ కట్టిన తల్లులు ఉన్నారు. జాతీయ కోచ్ దగ్గరకు పిల్ల చేరేసరికి సగం దారి ఎవరో ఒకరు నడిపించే ఉంటారు.

పారిస్‌లో స్వర్ణం గెలిచిన నితేశ్ కుమార్‌కు మన విశాఖపట్నంతో ఒక చేదు బంధం ఉంది. 2009లో, 15 ఏళ్ల వయసులో, విశాఖలోనే రైలు ప్రమాదంలో ఎడమకాలు పోగొట్టుకున్నాడు. నెలల తరబడి మంచం మీదే. ఆ తర్వాత ఐఐటీ మండీలో చదువుతుండగా బ్యాడ్మింటన్ పట్టుకున్నాడు. ఫైనల్లో మూడో గేము 23-21 దాకా సాగింది. చదివి సంతోషించాం. కానీ ఒక మాట. అదే విశాఖలో, అదే రైలు కింద ఒక 15 ఏళ్ల ఆడపిల్ల కాలు పోగొట్టుకుని ఉంటే? ముందు వినబడే మాట "దీనికిక పెళ్లెలా?" అన్నదే కదా. ఐఐటీ మాటా, ఆట మాటా ఆ తర్వాత ఎప్పటికో. అక్కకు పెళ్లి కావడం లేదు కాబట్టి చెల్లెలి సంబంధం చూసేటప్పుడు అక్కను వెనక గదిలో ఉండమన్న ఇళ్లు మీకు తెలియవా?

2011 జనాభా లెక్కల్లో దేశంలో వికలాంగులు 2 కోట్ల 68 లక్షలు. మగవాళ్లు కోటిన్నర, ఆడవాళ్లు కోటీ 18 లక్షలు. పోలియో ఆడామగా చూసి రాదు. మరి ఈ 32 లక్షల తేడా ఎక్కడిది? రోడ్డు మీదా ఫ్యాక్టరీల్లోనూ ప్రమాదాలు మగవాళ్లకే ఎక్కువ కావచ్చు. జనాభాలోనే ఆడవాళ్లు కొంచెం తక్కువ, అదీ ఉంది. కానీ లెక్కలవాళ్లు గుమ్మంలోకి వచ్చి అడిగినప్పుడు "మా అమ్మాయికేం, బాగానే ఉంది" అని చెప్పిన ఇళ్లు కూడా ఇందులో ఉంటాయని మా అనుమానం. లెక్కలోకే రాని పిల్లను ఏ కోచ్ వెతికి పట్టుకుంటాడు?

ద్రోణాచార్య పేరుతో ఇచ్చే అవార్డు ఖన్నాకు రావడంలో ఓ చమత్కారం ఉంది. అడవిలో తనంతట తానే నేర్చుకున్న పిల్లవాడి బొటనవేలు అడిగి తీసుకున్న గురువు ద్రోణుడు. ఇక్కడేమో చెయ్యే సరిగా లేని పిల్లను వెతికి మరీ ఆట నేర్పినాయనకు ఆ పేరుతో సన్మానం! భారతం తెలిసిన అమ్మమ్మలు ఉంటే దీనిమీద ఏమంటారో కనుక్కోండి.

పొగిడింది చాలు. పారిస్ వెళ్లిన మన 13 మందిలో చక్రాల కుర్చీలో ఆడేవాళ్లు ఒక్కరూ లేరు. ఆడవాళ్లూ లేరు, మగవాళ్లూ లేరు. టోక్యోకి వెళ్లిన ఏడుగురిలోనూ లేరు. మనదేశంలో చక్రాల కుర్చీలో ఉన్న పిల్లలే లేరా? ఆస్పత్రి కుర్చీలో కూర్చుని ఈ ఆట ఆడలేరు. చక్రాలు వాలుగా ఉండి, వెనక్కి వాలినా బోర్లా పడకుండా వెనక ఇంకో చిన్న చక్రం ఉండే ప్రత్యేకమైన కుర్చీ కావాలి. విదేశాల నుంచి తెప్పిస్తే ధర లక్షల్లో ఉంటుంది. కొన్నారనుకుందాం. మేడమీది ఇంట్లోంచి దాన్ని దించేదెవరు? బస్సు ఎక్కించేదెవరు? స్టేడియంలో బాత్రూము తలుపులో అది దూరుతుందా? ఆడపిల్ల కాబట్టి చివరి ప్రశ్న మొదటి ప్రశ్న అవుతుంది. చాలా ఇళ్లలో తల్లులు అక్కడే ఆగిపోతారు. వాళ్లను తప్పు పట్టలేం.

జపాన్‌లో సరీనా సతోమీ అనే అమ్మాయికి 2016లో కారు ప్రమాదంలో వెన్నెముక దెబ్బతింది. అప్పటికి 18 ఏళ్లు. తండ్రి ప్రోత్సాహంతో కుర్చీలో బ్యాడ్మింటన్ మొదలుపెట్టింది. 2021లో టోక్యోలో స్వర్ణం, 2024లో పారిస్‌లో మళ్లీ స్వర్ణం. ప్రమాదం నుంచి పతకానికి ఐదేళ్లు! అక్కడ నాన్న చెప్పిన మాట వెనక నునుపైన రోడ్డూ, ర్యాంపు ఉన్న బస్సూ, కుర్చీ పట్టే బాత్రూమూ ఉన్నాయి. ఇక్కడ నాన్న చెప్పినా మిగతావి లేవు.

2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం వైకల్యాలను ఏడు నుంచి 21కి పెంచింది. ఎత్తు తక్కువగా ఉండటాన్ని కూడా అందులో చేర్చింది. ఆటల్లో పాల్గొనే హక్కు గురించి ఆ చట్టంలో ప్రత్యేకంగా ఒక సెక్షనే ఉంది. కాబట్టి దానం అడుగుతున్నట్టు నసగక్కర్లేదు. మీ ఇంట్లోనో, మీ వీధిలోనో అలాంటి అమ్మాయి ఉంటే ముందు యూడీఐడీ కార్డు తీయించండి. తర్వాత జిల్లా కేంద్రంలో క్రీడల అధికారి ఆఫీసుకు అమ్మాయిని వెంటబెట్టుకుని వెళ్లండి. ఇండోర్ స్టేడియంలో షటిల్ కోర్టు ఉందా, ఏ టైములో ఖాళీ, నేర్పేవాళ్లెవరు, లోపలికి మెట్లెన్ని, ఆడవాళ్ల బాత్రూము తలుపు వెడల్పెంత... అన్నీ అడగండి. జవాబు రాకపోతే కాగితం మీద రాసిచ్చి, అందినట్టు ముద్ర వేయించుకుని రండి. ఏం జరిగిందో మాకు ఉత్తరం రాయండి.